డిస్మిసల్ ఆర్డర్లు ఎక్కడ బెడిసికొడుతున్నాయి?

క్లుప్తంగా: తప్పు చేసిన ఉద్యోగిని తీసేయడానికి కొత్త లేబర్ కోడ్‌లూ అడ్డు చెప్పవు, పాత చట్టాలూ అడ్డు చెప్పలేదు. అభియోగం స్పష్టంగా ఉండాలి, ఉద్యోగి వాదన వినాలి, శిక్ష తప్పుకు తగ్గట్టుండాలి. కోర్టులో వీగిపోయే ఆర్డర్లలో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఒకటి లోపించినవే. చార్జిషీట్ (ఉద్యోగికి సంస్థ ఇచ్చే అభియోగ పత్రం) రాయడం, ఎంక్వయిరీ నడపడం, ఆఖరి ఆర్డర్ ఇవ్వడం ఎలాగో, ఏ దశలో ఏం పొరపాటు జరుగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలో సర్వీసు నియమాల) చట్టం స్థానంలో ఇప్పుడు ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ఉంది. ఇక మనిషిని తీసేయడం తేలికేనని కొన్ని యాజమాన్యాల ధీమా. కార్మికుల భయమూ అదే. ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. పని లేక సిబ్బందిని తగ్గించుకోవాలన్నా, సంస్థ మూసేయాలన్నా ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరయ్యే పరిమితి పాత కేంద్ర చట్టంలో 100 మంది, కోడ్‌లో 300 మంది. తప్పు చేశాడని ఒకరిని తీసేయడానికి మాత్రం ఆ అనుమతి అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు. అక్కడ కావలసింది విచారణ. ఆ బాధ్యతను కోడ్ ఎక్కడా తగ్గించలేదు.

ఎవరికి ఏ చట్టం

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డు, గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు, స్పిన్నింగ్ మిల్లులు ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ కిందికి వస్తాయి. విజయవాడ బీసెంట్ రోడ్డులో అరవై మంది పనిచేసే బట్టల షోరూమ్‌కైతే దీంతోపాటు 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కూడా ఉంది. అది రాష్ట్ర చట్టం కాబట్టి కోడ్‌ల రాకతో రద్దు కాలేదు. ఆ చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. తొలగింపు రాతపూర్వకంగానే ఉండాలి. ఆ ఆర్డర్ కాపీ మూడు రోజుల్లో ఆ ప్రాంత ఇన్‌స్పెక్టరుకు చేరాలి. ‘రేపట్నుంచి రావొద్దు’ అని ఫోనులో చెప్పడం, వాట్సాప్ గ్రూపులోంచి తీసేయడం, బయోమెట్రిక్‌లో వేలిముద్ర తొలగించడం ఈ చట్టం దృష్టిలో తొలగింపు పద్ధతులు కావు.

కోడ్‌లో కార్మికుడంటే ఎవరన్నదానికి కూడా గీత ఉంది. మేనేజ్‌మెంట్, అడ్మినిస్ట్రేషన్ పనులు చేసేవాళ్లు కార్మికుల కిందికి రారు. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం తీసుకునేవాళ్లూ రారు. కోర్టు చూసేది హోదా పేరు కాదు, రోజూ చేసే పని. కార్డు మీద ‘ఫ్లోర్ మేనేజర్’ అని ఉన్నా, రోజంతా చీరలు మడతపెట్టి బిల్లు కౌంటరులో కూర్చునే మనిషిని కోర్టు కార్మికుడిగానే పరిగణించే అవకాశం ఎక్కువ. హోదా పెంచేస్తే చట్టం నుంచి తప్పించుకోవచ్చనుకోవడం యాజమాన్యాలు చేసే మొదటి తప్పుడు అంచనా.

ప్రభుత్వ ఉద్యోగుల దారి వేరు. వాళ్లకు రాజ్యాంగం 311వ అధికరణ, 1991 నాటి ఏపీ సివిల్ సర్వీసుల సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమాలు ఉన్నాయి. ఆర్టీసీ ఉద్యోగులు కూడా 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో భాగమయ్యారు.

ముందు తేల్చుకోవలసింది: తప్పా, చేతకాకపోవడమా, పని లేకపోవడమా

ఉద్యోగిని పంపించాలనుకునే కారణాలు మూడు రకాలు. దొంగతనం, కొట్టడం, తాగి డ్యూటీకి రావడం, లెక్కల్లో మోసం, పైవాళ్ల న్యాయమైన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం దుష్ప్రవర్తన. వీటికి చార్జిషీట్, ఎంక్వయిరీ కావాలి. పని నాణ్యత చాలకపోవడం రెండోది. అక్కడ లోపం ఎక్కడుందో రాసి ఇవ్వాలి, సరిదిద్దుకోవడానికి గడువివ్వాలి, ఆ గడువులో ఏం మారిందో నమోదు చేయాలి. మూడోది, మనిషిలో ఏ లోపమూ లేకపోయినా ఆ పోస్టుకు పని లేకపోవడం. అది రిట్రెంచ్‌మెంట్. దానికి నోటీసు, పరిహారం, చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలన్న నియమం ఉన్నాయి.

గొడవంతా ఈ మూడింటినీ కలగలపడం దగ్గరే మొదలవుతుంది. క్యాషియర్ మీద అనుమానం ఉంటుంది, ఎంక్వయిరీ పెట్టే ఓపిక ఉండదు. దాంతో ‘వ్యాపారం తగ్గినందున మీ సేవలు అవసరం లేదు’ అని రాసిచ్చి, మరుసటి నెలలో అదే కౌంటరుకు కొత్త మనిషిని పెడతారు. కోర్టు పైముసుగు తీసి అసలు కారణం చూస్తుంది. వ్యాపారం తగ్గలేదని తేలితే రిట్రెంచ్‌మెంట్ నిలవదు. ఎంక్వయిరీ జరగలేదు కాబట్టి డిస్మిసల్‌గానూ నిలవదు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల విషయంలోనూ ఇంతే. ‘పనితీరు సంతృప్తికరంగా లేదు’ అని నిరాడంబరంగా ఆపేస్తే సాధారణంగా చెల్లుతుంది. అదే లేఖలో ‘చేతివాటం’ అని మచ్చ వేస్తే దాన్ని శిక్షగా భావిస్తారు, విచారణ ఎక్కడని అడుగుతారు.

చార్జిషీట్: ఫైలు బతికేదీ చచ్చేదీ ఇక్కడే

ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సరుకు లెక్క తేడా వచ్చిందనుకుందాం. సాధారణంగా వెళ్లే నోటీసు ఇలా ఉంటుంది: ‘మీరు కొంతకాలంగా సంస్థకు నమ్మకద్రోహం చేస్తూ సరుకు దొంగతనంగా బయటికి పంపుతున్నారు. మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో 24 గంటల్లో తెలపండి.’

ఇందులో తేదీ లేదు, పరిమాణం లేదు. ఏ రికార్డు ఆధారమో లేదు. పైగా ‘పంపుతున్నారు’ అనడంతో విచారణకు ముందే తీర్పు చెప్పేసినట్టయింది. జవాబు చెప్పుకోవడానికి ఒక్కరోజు ఏ కోర్టు దృష్టిలోనూ సరిపోయే గడువు కాదు.

నిలిచే చార్జిషీట్ ఇలా నడుస్తుంది: ‘ఫిబ్రవరి 10 రాత్రి సుమారు 9.40 గంటలకు మీరు షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్న సమయంలో 2వ ఛాంబరు నుంచి 12 మిర్చి టిక్కీలు (బస్తాలు) గేట్‌పాస్ లేకుండా లారీలోకి ఎక్కించినట్లు సెక్యూరిటీ గార్డు రాతపూర్వకంగా రిపోర్టు చేశారు. ఆ రాత్రి అవుట్‌వర్డ్ రిజిస్టరులో ఆ 12 టిక్కీల నమోదు లేదు. ఈ ఆరోపణ రుజువైతే సంస్థ ఆస్తికి సంబంధించిన మోసం కిందికి వచ్చే దుష్ప్రవర్తన అవుతుంది. ఈ లేఖ అందిన ఏడు రోజుల్లో మీ వివరణ ఇవ్వగలరు.’ దీనికి గార్డు రిపోర్టు కాపీ, రిజిస్టరు పేజీ కాపీ, సాక్షుల పేర్లు జత చేయాలి. ‘రుజువైతే’ అన్న ఒక్క మాట యాజమాన్యం ముందే నిర్ణయానికి వచ్చేసిందన్న వాదనకు చోటివ్వదు.

పాత తప్పులను కూడా లెక్కలోకి తీసుకుని శిక్ష వేయాలనుకుంటే వాటినీ తేదీలతో ఇందులోనే చెప్పాలి. చార్జిషీట్‌లో లేని పాత మెమోలు ఆఖరి ఆర్డరులో హఠాత్తుగా ప్రత్యక్షమైతే ఉద్యోగికి జవాబు చెప్పుకునే అవకాశం పోయినట్టే.

అందజేయడంలోనూ జాగ్రత్త కావాలి. చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో ఆ విషయం రాసి, తపాలాలో పంపాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్ట్ స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది కాబట్టి, రిజిస్ట్రేషన్ సౌకర్యం జోడించిన స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోవాలి. కవరు తిరిగి వస్తే విప్పకూడదు. దాని మీద పోస్ట్‌మ్యాన్ రాసిన మాటే సాక్ష్యం.

సీసీ కెమెరా రికార్డింగు ఉందనుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. డీవీఆర్ హార్డ్ డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది పడుతుంది. ఎంక్వయిరీ నాటికి చూపించడానికి ఏమీ మిగలదు. సంఘటన తెలిసిన రోజే కాపీ తీసి, ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో రాసి పెట్టాలి.

సస్పెన్షన్

సాక్షులను బెదిరించే అవకాశం, రికార్డులు మార్చే అవకాశం ఉన్నప్పుడే సస్పెన్షన్ అవసరం. ఇది శిక్ష కాదు కాబట్టి ఆ కాలానికి జీవనభృతి చెల్లించాలి. 300 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు కోడ్ 38వ సెక్షన్ రేటును నిర్ణయించింది: మొదటి 90 రోజులు వేతనంలో 50 శాతం, ఆలస్యానికి ఉద్యోగి కారణం కానప్పుడు ఆ తర్వాత 75 శాతం. సస్పెన్షన్ తేదీ నుంచి సాధారణంగా 90 రోజుల్లో ఎంక్వయిరీ పూర్తి కావాలని కూడా ఉంది. చిన్న సంస్థలు ఈ లెక్కనే పాటిస్తే తర్వాత తలనొప్పి తగ్గుతుంది.

జీవనభృతి ఎగ్గొట్టడం యాజమాన్యానికే చేటు. చేతిలో డబ్బు లేక ఎంక్వయిరీకి రాలేకపోయిన ఉద్యోగి మీద ఎక్స్-పార్టీగా, అంటే అతను లేకుండానే, నడిపిన విచారణను, భారత్ గోల్డ్ మైన్స్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెల్లదంది.

ఎంక్వయిరీ గదిలో ఏం జరగాలి

వివరణ సంతృప్తికరంగా లేకపోతేనో, అసలు రాకపోతేనో ఎంక్వయిరీ ఆఫీసర్‌ను నియమించాలి. ఆ వ్యక్తి ఫిర్యాదుదారు కాకూడదు, సాక్షి కాకూడదు, ఆ సంఘటనలో దెబ్బతిన్నవాడు అసలే కాకూడదు. మీంగ్లాస్ టీ ఎస్టేట్ కేసు 1963 నాటిది. అక్కడ దాడికి గురైన మేనేజర్లే విచారణ జరిపారు, సుప్రీంకోర్టు తప్పుబట్టింది. అదే ఏడాది సుర్ ఎనామెల్ కేసులో ఎంక్వయిరీ ఎలా ఉంటే చెల్లుతుందో కోర్టు ఐదు మాటల్లో చెప్పింది: అభియోగం స్పష్టంగా తెలపాలి, సాక్షులను సాధారణంగా ఉద్యోగి ఎదుటే విచారించాలి, వాళ్లను ఎదురు ప్రశ్నించనివ్వాలి, ఉద్యోగి తన సాక్షులను తెచ్చుకోనివ్వాలి, ఆఫీసర్ కారణాలతో సహా తన నిర్ణయం రాయాలి. అరవై ఏళ్లు దాటినా ఈ ఐదే ఆధారం.

ఆచరణలో క్రమం ముఖ్యం. మొదట యాజమాన్యం తరఫున ప్రెజెంటింగ్ ఆఫీసర్ సాక్షులను ప్రవేశపెట్టాలి. ఒక్కో సాక్షి చెప్పింది పూర్తయ్యాక ఉద్యోగి ప్రశ్నించాలి. ఆ తర్వాతే ఉద్యోగి వంతు. చాలా చోట్ల దీన్ని తలకిందులు చేస్తారు. ముందు ఉద్యోగినే కూర్చోబెట్టి ‘నువ్వు తీశావా, లేదా?’ అని నిలదీస్తారు. ఆరోపణ చేసినవాళ్లే రుజువు చేయాలి గనక ఇది ఫైలును మొదట్లోనే దెబ్బతీస్తుంది.

గార్డు ముందుగా రాసిచ్చిన స్టేట్‌మెంట్‌ను ఫైలులో పెట్టేసి సాక్ష్యం అయిపోయిందనుకోవడం మరో లోపం. గార్డు వచ్చి చెప్పాలి, ప్రశ్నలు ఎదుర్కోవాలి. కాగితం దానంతటదే రుజువు కాదని రూప్‌సింగ్ నేగి కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని సాక్ష్య చట్టం ప్రతి అక్షరం ఇక్కడ వర్తించదు. 1977 నాటి రత్తన్‌సింగ్ కేసు హర్యానా బస్సు కండక్టరుది. టికెట్లు లేకుండా దొరికిన ప్రయాణికుల్లో ఎవరినీ ఎంక్వయిరీకి పిలవలేదన్న కారణంతో తొలగింపు చెల్లదనడం సరికాదని, నమ్మదగిన ఆధారం కొంత ఉంటే చాలని కోర్టు అంది. ఆర్టీసీ డిపోల్లో నడిచే క్యాష్, టికెట్ కేసుల్లో ఈ తీర్పు ప్రస్తావన తరచూ కనిపిస్తుంది.

ఎంక్వయిరీ తెలుగులో నడవాలి. ఉద్యోగికి ఇంగ్లిష్ రాకపోతే ఇంగ్లిష్‌లో రాసుకున్న ప్రొసీడింగ్స్ కింద అతని సంతకానికి విలువ తక్కువ. ఏ రోజుకారోజు ప్రొసీడింగ్స్ రాయాలి, ప్రతి పేజీ మీద హాజరైనవాళ్లందరి సంతకాలు తీసుకోవాలి, కాపీ అప్పుడే ఇవ్వాలి. సాయానికి తోటి ఉద్యోగిని తెచ్చుకుంటానంటే అనుమతించడం మంచిది. యాజమాన్యం తరఫున న్యాయశాస్త్రం చదివినవాళ్లు కూర్చున్నప్పుడు ఉద్యోగికి లాయరును నిరాకరించకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెండుసార్లు వాయిదా వేసి, నోటీసు ఇచ్చినా రాకపోతే ఎక్స్-పార్టీగా నడపవచ్చు. అప్పుడు కూడా సాక్షులను విచారించాల్సిందే.

లైంగిక వేధింపుల ఫిర్యాదుకు దారి వేరు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. విచారణకు 90 రోజులు, రిపోర్టు మీద చర్యకు 60 రోజులు గడువు. ఆ కమిటీ రిపోర్టే ఎంక్వయిరీ రిపోర్టు అవుతుంది కాబట్టి, దానిమీద మళ్లీ సాధారణ ఎంక్వయిరీ పెట్టి ఫిర్యాదు చేసిన మహిళను రెండోసారి నిలబెట్టడం అన్యాయం.

రిపోర్టు తర్వాత, శిక్షకు ముందు

రిపోర్టు చేతికి రాగానే డిస్మిసల్ ఆర్డర్ టైపు చేయించేస్తారు. మధ్యలో ఒక మెట్టు ఉంది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌కు సంబంధించిన కరుణాకర్ కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇచ్చి అతని అభిప్రాయం విన్నాకే నిర్ణయం తీసుకోవాలని చెప్పింది. కాపీ ఇవ్వనందువల్ల ఉద్యోగికి నిజంగా నష్టం జరిగిందా అన్నదీ చూడాలంది. ఒక జిరాక్సు, ఏడు రోజుల గడువు. ఇంత చిన్న పనిని వదిలేసి ఏళ్ల తరబడి కేసు నడుపుకోవడం యాజమాన్యాలకు ఏ విధంగానూ లాభసాటి కాదు.

శిక్ష తూకం తర్వాతి ప్రశ్న. హెచ్చరిక, ఇంక్రిమెంటు ఆపడం, కొద్ది రోజుల సస్పెన్షన్, హోదా తగ్గించడం, తొలగింపు అన్నవి వరస మెట్లు. పదిహేనేళ్లు మచ్చ లేకుండా పనిచేసినవాడు కోపంలో ఒకసారి నోరు జారితే డిస్మిసల్ నిలవడం కష్టం. శిక్ష మరీ ఎక్కువని తోస్తే దాన్ని తగ్గించే అధికారం పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేర్చిన 11-ఏ సెక్షన్‌తో లేబర్ కోర్టులకు వచ్చింది, కోడ్‌లో ట్రిబ్యునళ్లకూ ఉంది. డబ్బు కాజేసిన కేసుల్లో మాత్రం కోర్టులు మొత్తం చిన్నదా పెద్దదా అని చూడవు, నమ్మకం పోయిందా అనే చూస్తాయి. ఒకే తప్పు ఇద్దరు చేసినప్పుడు ఒకరికి మెమో, ఇంకొకరికి డిస్మిసల్ ఇస్తే తేడాకు కారణం ఆర్డరులోనే ఉండాలి.

అదే సంస్థలో వేరే వివాదం కన్సిలియేషన్‌లోనో (కార్మిక శాఖ అధికారి ముందు రాజీ ప్రయత్నం) ట్రిబ్యునల్‌లోనో నడుస్తుంటే, దానితో సంబంధమున్న కార్మికుణ్ని వేరే తప్పు మీద తీసేసేటప్పుడు నెల వేతనం చెల్లించి, ఆమోదం కోసం దరఖాస్తు కూడా పెట్టాలి. ఇది మరిస్తే ఆర్డర్ పుట్టనట్టేనని పాత చట్టం కింద 2002లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది.

చెప్పకుండా మానేస్తే

‘పది రోజులు రాలేదు కాబట్టి ఉద్యోగం వదిలేసినట్టే’ అని మస్టరులో పేరు కొట్టేయడం అన్నిచోట్లా కనిపించే అలవాటు. ఎనిమిది రోజులు దాటి గైర్హాజరైతే ఉద్యోగం దానంతటదే పోతుందన్న స్టాండింగ్ ఆర్డర్ ఉన్నా సరే, వినకుండా తీసేయడం కుదరదని డి.కె.యాదవ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి చిరునామాకు ‘ఫలానా తేదీలోగా విధుల్లో చేరండి, లేదా కారణం తెలపండి’ అని కనీసం రెండు లేఖలు పంపాలి. ఆ తర్వాత చార్జిషీట్, ఎంక్వయిరీ. మధ్యలో ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ వస్తే గైర్హాజరు కావాలని చేసింది కాదన్న వాదనకు బలం వస్తుంది. ప్రసూతి సెలవులో ఉన్న మహిళను ఆ గైర్హాజరు పేరుతో తీసేయడం చట్టవిరుద్ధం.

చిన్న తప్పులు, జరిమానాలు

పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోయడం షోరూముల్లో మామూలైపోయింది. వేతనాల కోడ్ దీన్ని ఒప్పుకోదు. గైర్హాజరుకు కోత, రాని సమయం దామాషాకు మించకూడదు. జరిమానా ఒక వేతన కాలంలో 3 శాతం దాటకూడదు, వేసేముందు కారణం అడగాలి. 15,000 జీతానికి అది 450 రూపాయలు. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం మించకూడదు.

ముందే రాయించుకున్న రాజీనామా

చేరేటప్పుడే తేదీ లేని రాజీనామా మీద సంతకం, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో. కొన్ని ప్రైవేటు విద్యాసంస్థల్లో, ఆసుపత్రుల్లో ఇంకా సాగుతున్న ఈ పద్ధతి యాజమాన్యానికి రక్షణ ఇస్తుందనుకోవడం పొరపాటు. రాజీనామా ఇష్టపూర్వకం కాదని తేలిందంటే అది విచారణ లేని తొలగింపే. రాజీనామా ఇచ్చానన్న మనిషి మర్నాడే లేబర్ ఆఫీసు మెట్లెక్కితే ఆ కాగితం ఎంతసేపు నిలుస్తుంది? ఉద్యోగి వైపు నుంచి చూస్తే, బలవంతం జరిగిన రోజే ఆ సంగతి రాసి స్పీడ్ పోస్ట్‌లోనో ఈమెయిల్‌లోనో పంపడం అన్నిటికన్నా విలువైన సాక్ష్యం.

పంపించేటప్పుడు లెక్క

తొలగించినా, రాజీనామా చేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ 17వ సెక్షన్. ‘నెలాఖరుకు రండి’ అనే రోజులు చట్టప్రకారం పోయాయి.

పని లేక తీసేస్తే లెక్క ఇలా ఉంటుంది. నెలకు 16,000 వేతనంతో ఆరేళ్లు చేసినవారికి నోటీసుకు బదులు 16,000. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున 8,000 రూపాయల లెక్కన ఆరేళ్లకు 48,000. గ్రాట్యుటీకి నెలను 26 రోజులుగా తీసుకుంటారు గనక సుమారు 55,385. ఇవి కాక యజమాని మరో 15 రోజుల వేతనాన్ని రీస్కిల్లింగ్ (కొత్త నైపుణ్యాల శిక్షణ) నిధికి జమ చేయాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు చేరాలి.

దుష్ప్రవర్తన మీద డిస్మిస్ అయినవారికి రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఉండదు. అలాగని గ్రాట్యుటీ మొత్తం దానంతటదే పోదు. సంస్థకు నష్టం కలిగించి ఉంటే ఆ నష్టం మేరకే తగ్గించుకోవాలి. హింస, విధుల్లో ఉండగా నైతిక పతనంతో కూడిన నేరం వంటి కారణాలున్నప్పుడే పూర్తిగానో కొంతగానో ఆపే వీలుంది, దానికి వేరే ఆర్డర్ కావాలి. పీఎఫ్ ఖాతాలో ఉన్న సొమ్ము మీద యజమానికి ఏ హక్కూ లేదు.

వివాదం మొదలైతే

తొలగింపునకు గురైన కార్మికుడు మొదట వెళ్లేది కార్మిక శాఖ కన్సిలియేషన్ అధికారి దగ్గరికి. పాత చట్టంలో లేబర్ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువు ఉండేది. కోడ్‌లో వివాదం తలెత్తిన రెండేళ్ల తర్వాత కన్సిలియేషన్ జరపరు. ఈ మార్పు తెలియక పాత లెక్కలో కూర్చునేవాళ్లు నష్టపోతారు. అక్కడ కుదరకపోతే అధికారి రిపోర్టు అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. షాపుల చట్టం కిందివాళ్లకు 48వ సెక్షన్‌లో అప్పీలు అధికారి ఉన్నారు.

ఎంక్వయిరీ లోపభూయిష్టమని తేలినంత మాత్రాన యాజమాన్యం కథ ముగియదు. తప్పును ట్రిబ్యునల్ ముందే కొత్తగా రుజువు చేసుకునే అవకాశాన్ని ఫైర్‌స్టోన్ కేసు 1973లో నిలబెట్టింది. కానీ అప్పటికి గార్డు మరో ఊళ్లో పనిచేస్తుంటాడు, రిజిస్టరు చెదలు పట్టి ఉంటుంది. తొలగింపు అక్రమమని తేలితే ఉద్యోగంతోపాటు పాత జీతాలు ఇవ్వడమే మామూలు నియమమని 2013లో దీపాలీ సుర్వసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మధ్యకాలంలో తనకు వేరే సంపాదన లేదని ఉద్యోగి చెప్పాలి. ఉందని యాజమాన్యం అంటే రుజువు భారం దానిమీదే పడుతుంది. అందుకే కేసు వేసిన రోజు నుంచి ఉద్యోగి ఎక్కడ పని వెతికాడో, ఏం దొరికిందో కాగితాలు దాచుకోవాలి. కన్సిలియేషన్‌లోనే రాజీ పడితే మొత్తం ఎంతో, ఏ పద్దు కింద ఎంతో విడివిడిగా రాసి, అధికారి ఎదుట ఇరువర్గాలూ సంతకాలు చేసి, డబ్బు బ్యాంకు ఖాతాకే వెళ్లేలా చూసుకోవాలి. చేతికిచ్చిన నగదుకు తెల్లకాగితం రసీదు మీద పుట్టే వివాదాలు మొదటి వివాదం కంటే పెద్దవవుతున్నాయి.